13 రోజుల నియమం

మా అక్కయ్య ఇంట్లో సిద్ధాంతి గారికీ నాకూ మధ్య ఒకసారి పోటీలాంటిది జరిగింది. సిద్ధాంతి గారు గెలిచారు. హేతువాదినని చెప్పుకుని తిరిగేవాడు ఇలాంటివి మామూలుగా బయట పెట్టుకోడు. కానీ నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో 37 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. తేడా వచ్చిన ఖాతాను బీరువాలో పెట్టి తాళం వేసినంత మాత్రాన తేడా పోదని అక్కడే నేర్చుకున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పు ఎక్కడుందో మీరూ చూడండి.

అక్కయ్య వాళ్ళది విజయనగరం. ఆవిడ మనవణ్ణి, అంటే మా మేనకోడలి కొడుకుని, ఇంట్లో చంటి అంటాం. అసలు పేరు ఇక్కడ అనవసరం. 2023లో ఇంటర్ ఎం.పి.సి. పాసయ్యాడు. ఆ ఏడాది జె.ఇ.ఇ. మెయిన్ గట్టెక్కి అడ్వాన్స్‌డ్ రాశాడు, ర్యాంకు రాలేదు. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగు తీసుకుని 2024లో మళ్ళీ రాశాడు. ఈసారి కటాఫ్‌కు నాలుగైదు మార్కుల దూరంలో ఆగిపోయాడు. అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయాలన్నది అప్పటికి ఉన్న నియమం. ఆ తలుపు మూసుకుపోయింది గనక రాష్ట్ర ఎంట్రెన్స్ ర్యాంకుతో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చేరి హాస్టల్లో ఉన్నాడు.

అక్కయ్య ఆ రెండేళ్ళూ కోనసీమ వెళ్ళి అయినవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేయించిన కలం తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "ఆ పరీక్షకి కలంతో పని లేదు అమ్మమ్మా, కంప్యూటర్లో మౌసుతో నొక్కడమే" అని వాడు చెబితే, "రఫ్ చేసుకోడానికి కావాలి కదరా" అంది. పరీక్ష కాగితం మీంచి కంప్యూటరులోకి మారింది, పూజ మాత్రం కలం దగ్గరే ఉండిపోయింది. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత నవ్వే హక్కు పోగొట్టుకున్నాను.

2024 నవంబరు 5, మంగళవారం, నాగుల చవితి. దీపావళికని వెళ్ళి నేను అక్కయ్య దగ్గరే ఉన్నాను. వాడు కూడా సెలవు పెట్టి వచ్చాడు. ఆడవాళ్ళు పుట్టలో పాలు పోసి చిమ్మిలి, చలిమిడి పంచిపెడుతున్న వేళ వాడు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "తాతయ్యా, మూడు సార్లు రాయొచ్చంట!"

నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను. 2025 అడ్వాన్స్‌డ్ పరీక్ష అర్హతలు. ఇకనుంచి వరసగా మూడేళ్ళలో మూడు అవకాశాలు. 2023లో ఇంటర్ పాసైనవాళ్ళు కూడా అర్హులే. అనుమానానికి చోటు లేకుండా రాసి ఉంది. మూసుకుపోయిన తలుపు దానంతట అదే తెరుచుకుంది.

ఆ రాత్రి ఇంట్లో చర్చ. కాలేజీలో ఉంటూ చదవడం కుదరదని వాడు. హాజరు 75 శాతం ఉండాలి, ల్యాబులు, మిడ్ పరీక్షలు. జనవరిలో మెయిన్, మేలో అడ్వాన్స్‌డ్. ఉంటే ఉండాలి, మానేస్తే మానేయాలి. మా మేనకోడలు ఎటూ తేల్చుకోలేక నా వైపు చూసింది. అల్లుడు కట్టిన ఫీజు గురించి ఆలోచిస్తున్నాడు. అక్కయ్య మర్నాడు పొద్దున్నే సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళొచ్చింది. "కార్తీక పౌర్ణమి వెళ్ళేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దన్నారురా. ఆ తర్వాత చూద్దామన్నారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, వాళ్ళు రాతపూర్వకంగా ఇచ్చారు. గ్రహాలు ఇచ్చిన కాగితం కాదది, దేశంలో ఐ.ఐ.టి.లన్నిటి అడ్మిషన్లు చూసే బోర్డు ఇచ్చింది. చదివేవాడికి ఒక్కో రోజూ ముఖ్యమే. పౌర్ణమికీ రసాయన శాస్త్రానికీ సంబంధం ఏమిటి?" అన్నాను. ఆఫీసులో నా జీవితమంతా ఒకటే సూత్రం: నోటి మాట చెల్లదు, కాగితం ఉంటే చెల్లుతుంది. ఇక్కడ కాగితం ఉంది.

11వ తేదీ సోమవారం కాలేజీకి వెళ్ళాం. టి.సి. కోసం దరఖాస్తు డ్రాఫ్టు నేనే రాశాను. ఆఫీసు గుమాస్తా దాన్ని చదివి, "ఆలోచించుకున్నారా సార్?" అని అడిగాడు. ఆలోచించుకున్నామన్నాను. కట్టిన ఫీజు తిరిగి రాదన్నారు, సరేనన్నాం. వాడు సంతకం పెట్టాడు. నేను సికింద్రాబాదు వచ్చేశాను.

కార్తీక పౌర్ణమి 15వ తేదీన వచ్చింది. 18వ తేదీ సోమవారం ఇంకో ప్రకటన. 15వ తేదీన బోర్డు సమావేశమై, వివిధ అవసరాలను పరిశీలించి, పాత నియమాన్నే పునరుద్ధరించాలని నిర్ణయించింది. మళ్ళీ రెండేళ్ళు, రెండుసార్లు. 5వ తేదీ నుంచి 18 దాకా 13 రోజులు బతికింది ఆ నియమం. మన ఇళ్ళలో 13 రోజుల లెక్క దేనికి వేస్తామో మీకు తెలుసు.

ఆ సాయంత్రం అక్కయ్య ఫోను. "ఒరే తమ్ముడూ, సిద్ధాంతి గారు చెప్పారా లేదా? పౌర్ణమి రోజునే మార్చేశారట, చూశావా?" దానికి జవాబు చెప్పగలను. కాసేపటికి మేనకోడలు ఫోను తీసుకుంది. "మావయ్యా, ఇప్పుడేం చేద్దాం?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు లెక్క తీద్దాం. ముందు సిద్ధాంతి గారి ఖాతా.

ఆయన చెప్పింది నిజమైంది కాబట్టి జ్యోతిషం నిజమా? ఈ వ్యాసం చదివేవాళ్ళకు ఇది పెద్ద ప్రశ్న కాదు, అయినా మా ఇంట్లో మా వాళ్ళకు చెప్పుకోవలసి వచ్చింది. కార్తీక మాసంలో ఏ ముహూర్తం అడిగినా, ఏ సందేహం అడిగినా పౌర్ణమి మాట రాకుండా ఉండదు. ఇదే సిద్ధాంతి గారు 2023లో ర్యాంకు ఖాయమన్నారు, రాలేదు. 2024లో గురుబలం బాగుందన్నారు, రాలేదు. మూడింట ఒకటి తగిలింది. ఆ ఒకటీ ఇంట్లో అందరికీ గుర్తుంది, తగలని రెండూ ఎవరికీ గుర్తు లేవు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని పుస్తకం అది.

కాని అక్కడితో ఆగిపోతే నేను నా ఖాతా చూడకుండా ఎదుటివాడి ఖాతా ఆడిట్ చేసినట్టు. నా సలహా తప్పెందుకైంది?

మొదటిది. "ఆగండి" అన్నది నిజానికి మంచి సలహా. కారణం చెత్త, సలహా మంచిది. అడ్వాన్స్‌డ్‌కు దరఖాస్తు చేసేది ఏప్రిల్ మెయిన్ ఫలితాల తర్వాత. జనవరి మెయిన్‌కు దరఖాస్తు గడువు నవంబరు 22. ఆ దరఖాస్తు కాలేజీలో ఉంటూనే పెట్టొచ్చు. ఇంకో నెల హాస్టల్లోనే ఉండి చదివి, పరిస్థితి చూసి టి.సి. తీసుకున్నా పోయేది స్వల్పం. టి.సి. తీసుకోవడం మాత్రం వెనక్కి తీసుకోలేని పని. వెనక్కి తీసుకోలేని పనిని గడువు దగ్గరపడేదాకా వాయిదా వేయాలన్నది చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు, కాగితం, పెన్సిలు చాలు. సిద్ధాంతి మాటను కాదనాలన్న ఉత్సాహంలో నేను ఆ లెక్క వెయ్యలేదు. ఎదుటివాడి కారణం తప్పు కాబట్టి అతని ముగింపు కూడా తప్పే అనుకున్నాను. మనవాళ్ళలో ఈ జబ్బు నాకొక్కడికే ఉందని అనుకోను.

రెండోది. నేను చివరి కాగితం ఒక్కటే చూశాను, వెనక పుటలు తిప్పలేదు. ఆడిటర్ చేయకూడని పని ఇదే. తర్వాత కూర్చుని తిప్పాను. 2000లో ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు ముందు స్క్రీనింగ్, తర్వాత మెయిన్ అని రెండు అంచెలు పెట్టారు. 2006లో ఆ రెండూ తీసేసి ఒకే ఆబ్జెక్టివ్ పరీక్ష చేశారు. రెండుసార్లే రాయాలన్న పరిమితి వచ్చింది కూడా అప్పుడే. 2013లో ఎ.ఐ.ట్రిపుల్‌ఇ. పోయి జె.ఇ.ఇ. మెయిన్, అడ్వాన్స్‌డ్ వచ్చాయి. ఎన్.ఐ.టి. ర్యాంకుల్లో ఇంటర్ మార్కులకు 40 శాతం విలువ ఇచ్చారు, 2017 నుంచి తీసేశారు. 2018లో అడ్వాన్స్‌డ్ పూర్తిగా కంప్యూటరు మీదికి వెళ్ళింది. 2019 నుంచి మెయిన్‌ను నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తోంది. ఏడాదికి రెండుసార్లు పెట్టి, మార్కుల బదులు పర్సెంటైల్ ఇవ్వడం అప్పుడే మొదలైంది. కోవిడ్ కాలంలో, 2021లో, నాలుగుసార్లు పెట్టారు. అంకె జవాబు రాసే విభాగంలో ప్రతి సబ్జెక్టుకూ పది ప్రశ్నలిచ్చి అయిదు ఏరుకోమన్నారు, తప్పు రాస్తే మార్కు కోత లేదు. 2022లో మళ్ళీ రెండుసార్లు, ఆ విభాగంలోనూ కోత. 2025 పరీక్షకు ఏరుకునే వీలు తీసేశారు. అయిదే ప్రశ్నలు, అయిదూ రాయాలి.

ఈ పుట ముందే తిప్పి ఉంటే, ఈ పరీక్షలో ఏ నియమమైనా ఈరోజుకు ఉన్నదే తప్ప రేపటికి పూచీ ఉన్నది కాదని నాకు తెలిసేది.

మూడోది అన్నిటికంటే బరువైంది. సలహా నాది, సంతకం వాడిది. తప్పితే నష్టం వాడి ఏడాది, వాళ్ళ నాన్న డబ్బు. నాకు పోయేది వాదనలో గెలుపు మాత్రమే. ఇతరుల సొమ్ముతో ధైర్యం చేయడం తేలిక.

నా తప్పులు ఇలా ఉండగా, ఈ కథలో నేను ఒక్కణ్ణే తప్పు చేశానా? కాదు. ఇక్కడే అసలు సంగతి ఉంది.

మా ఆఫీసుల్లో రూల్సు పుస్తకాల్లో కరెక్షన్ స్లిప్పులు అంటించే పని ఒకటి ఉండేది. చిన్న చిన్న కాగితం ముక్కలు. ఫలానా పేరాలో ఫలానా వాక్యం బదులు ఇది చదువుకోవాలి అని. కొత్తగా చేరిన గుమాస్తాకు మొదట ఇచ్చే పని అదే, విసుగు పుట్టించే పని. కానీ ప్రతి మార్పుకూ ఒక తేదీ ఉండేది, ఫలానా రోజు నుంచి అమల్లోకి వస్తుందని. చాలా ఉత్తర్వుల చివర ఇంకో మాట ఉండేది, ఇదివరకే తేల్చిన కేసులను తిరగదోడక్కర్లేదని. ఆ ఒక్క మాట ఎంత మందిని కాపాడిందో నాకు తెలుసు. పాత రూలు నమ్మి చేసిన పనికి కొత్త రూలుతో శిక్ష వెయ్యకూడదన్నదే దాని అర్థం.

బి.కాం.లో మాకు చెప్పిన మూల సూత్రాల్లో కన్సిస్టెన్సీ అని ఒకటుంది. ఒక ఏడాది అనుసరించిన పద్ధతినే మరుసటి ఏడాదీ అనుసరించాలి. మార్చొద్దని కాదు. మారిస్తే, మార్చినట్టు చెప్పాలి, మార్పు వల్ల లాభనష్టాలు ఎంత మారాయో చూపాలి. సరుకు విలువ కట్టే పద్ధతి మార్చుకున్న వ్యాపారి కూడా ఈ వివరణ ఇవ్వాలి. లక్షల మంది పిల్లల రెండేళ్ళ చదువుకు విలువ కట్టే పద్ధతి మార్చేటప్పుడు ఆ మాత్రం వివరణ అడగడం అత్యాశా?

మార్పు పిల్లవాడికి ఎలా తగులుతుందో చంటి చెబితే గాని నాకు తెలియలేదు. ఏరుకునే వీలు తీసేస్తే ఏమవుతుంది, ప్రశ్నలు తగ్గాయి కదా, మంచిదే కదా అన్నాను. "అలా కాదు తాతయ్యా. రెండేళ్ళు మాకు నేర్పిందే ఏరుకోవడం. పది చదివి, పొడుగ్గా లెక్క చేయాల్సినవి పక్కన పెట్టి, చేతికొచ్చిన అయిదు చేయడం. కొన్ని చాప్టర్లు నేను సరిగ్గా చదవకుండా వదిలేశాను, ఛాయిస్‌లో పోతాయి కదా అని. ఇప్పుడు అవే వస్తే?" అన్నాడు. మార్పు ప్రకటించింది 2024 అక్టోబరులో, పరీక్ష మొదలైంది జనవరి 22న. మూడు నెలలు. రెండేళ్ళు ఒక ఆట నేర్పి, బరిలోకి దిగబోయే ముందు గీతలు జరపడం ఇది. కొత్త గీతలు మంచివే కావచ్చు. నేర్చుకున్నవాడి కష్టం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

అందరికీ ఒకేలా తగలదు కూడా. విజయవాడలోనో హైదరాబాదులోనో పెద్ద కోచింగు సంస్థల్లో ఉన్నవాడికి వారం తిరక్కుండా కొత్త పద్ధతిలో మోడల్ పరీక్ష పెట్టేస్తారు. మార్పు వచ్చిన ప్రతిసారీ వాళ్ళకు కొత్త సరుకు అమ్ముకునే అవకాశం. మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదువుకునేవాడి చేతిలో అన్న వాడిన పాత పుస్తకాలు ఉంటాయి. పాత ప్రశ్నపత్రాలే వాడి కోచింగు. పద్ధతి మారిన రోజున వాడి పెట్టుబడి మొత్తం చిత్తుకాగితం. నేను డిపార్టుమెంటు పరీక్ష రాసిన రోజుల్లో సీనియర్లు ఇచ్చిన పాత ప్రశ్నపత్రాల కట్ట ఒకటి మా సెక్షన్లో చేతులు మారుతూ ఉండేది. దాని అంచులు అరిగిపోయి ఉండేవి. ఆ కట్టకు విలువ ఎందుకంటే, రేపటి పరీక్ష నిన్నటి పరీక్షలాగే ఉంటుందన్న నమ్మకం వల్ల. డబ్బు లేనివాడికి ఆ నమ్మకమే ఆస్తి.

ఇక మూఢనమ్మకం సంగతి. పరీక్షల కాలంలో గుళ్ళలో పిల్లల రద్దీ చూసి మనం నవ్వుతాం. వాళ్ళకు బుద్ధి లేక వెళ్ళడం లేదు. చంటి స్నేహితులు జనవరి పరీక్షకు ముందు మాట్లాడుకోవడం విన్నాను. ఏ రోజు వస్తుందో, ఏ షిఫ్టు వస్తుందో అంతా అదృష్టమేనట. ఉదయం షిఫ్టు కష్టమట, మధ్యాహ్నం వాళ్ళు పుణ్యం చేసుకున్నారట. ఒకే మార్కులు తెచ్చుకున్న ఇద్దరికి వేర్వేరు పర్సెంటైళ్ళు ఎందుకొస్తాయో వాళ్ళకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

వాడు సికింద్రాబాదు వచ్చి మా ఇంట్లో ఉన్న వారం రోజుల్లో ఒక సాయంత్రం కాగితం తీసుకుని కూర్చున్నాం. ఆ సూత్రం పరీక్ష పెట్టేవాళ్ళే ప్రచురించారు, రహస్యమేమీ కాదు. నీ షిఫ్టులో 1,00,000 మంది రాశారనుకో. నీ అన్ని మార్కులు గాని, నీకంటే తక్కువ గాని తెచ్చుకున్నవాళ్ళు 97,000 మంది అయితే నీ పర్సెంటైల్ 97. పేపరు కష్టమైతే నీకు తగ్గినట్టే పక్కవాడికీ తగ్గుతాయి, వరసలో నీ చోటు మాత్రం పెద్దగా మారదు. వేరే షిఫ్టువాడితో నిన్ను మార్కుల మీద పోల్చరు, వరస మీద పోలుస్తారు. ఇందులోనూ దాగి ఉన్న ఊహ ఒకటుంది. ప్రతి షిఫ్టులోనూ బాగా చదివినవాళ్ళు, మామూలువాళ్ళు దాదాపు ఒకే పాళ్ళలో ఉంటారని. ఏ ఎంపికా లేకుండా పంచితే, సంఖ్య పెద్దదైతే, ఆ ఊహ సమంజసమే. కచ్చితమని మాత్రం చెప్పను. సరిహద్దులో ఉన్నవాడికి ఆ చిన్న తేడాయే సీటు కావచ్చు.

వాడు రెండుసార్లు లెక్క వేసి చూసుకుని, "అంటే షిఫ్టు గురించి భయపడక్కర్లేదన్నమాట, కొంచెం తప్ప" అన్నాడు. ఆ "కొంచెం తప్ప" అన్నందుకు నాకు చాలా సంతోషమైంది. అదృష్టం అన్న మాట ఆ తర్వాత వాడి నోట తగ్గింది. నేను దేవుడు లేడని వాదించలేదు. లెక్క చూపించానంతే.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క బయటపెట్టిన చోట భయం ఒక సాయంత్రంలో తగ్గింది. కారణం చెప్పకుండా 13 రోజుల్లో ఇచ్చి తీసేసుకున్న చోట మా ఇంట్లో సిద్ధాంతి గారికి ఇంకో పాతికేళ్ళ పలుకుబడి వచ్చింది. ఎందుకిచ్చారో, ఎందుకు తీశారో తెలియని వరం, శాపం మన పురాణాల్లోనే ఉంటాయి. ఆఫీసులు అలా నడిస్తే జనం వాటితో పురాణ పద్ధతిలోనే వ్యవహరిస్తారు. మొక్కుకుంటారు.

లెక్క అడగడం వల్ల ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. 2006 ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో కటాఫ్‌లు గణితం 37, భౌతికశాస్త్రం 48, రసాయనశాస్త్రం 55. ఈ అంకెలు ఎలా వచ్చాయని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. ఆచార్యులు రాజీవ్ కుమార్ గారు సమాచార హక్కు చట్టం కింద అడిగారు. ఇచ్చిన వివరణ ప్రకారం కట్టి చూస్తే ఆ అంకెలు రావడం లేదని వాదించారు. ఏళ్ళ తరబడి పోరాడారు. తర్వాతి కాలంలో జవాబుల కీ, అభ్యర్థి రాసిన జవాబుల ప్రతి బయటికి రావడం మొదలైంది. ఇప్పటి పిల్లలు కీ మీద అభ్యంతరం పెట్టుకోగలుగుతున్నారంటే ఇలా అడిగినవాళ్ళ పుణ్యమే. పుణ్యం అన్న మాట ఇక్కడ వాడొచ్చు లెండి.

చంటి విషయంలోనూ అడిగినవాళ్ళు ఉన్నారు. వాడిలాగే కాలేజీలు మానేసిన కొందరు పిల్లలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 జనవరి 10న ధర్మాసనం తీర్పు చెప్పింది. రెండా మూడా అన్న బోర్డు నిర్ణయం మంచిచెడుల్లోకి పోలేదు, మూడో అవకాశం అందరికీ ఇమ్మనలేదు. కానీ 5వ తేదీ మాట నమ్మి, నవంబరు 5కూ 18కీ మధ్య చదువు మానుకున్నవాళ్ళకు ఆ నమ్మిక వల్ల నష్టం జరగకూడదని, వాళ్ళను పరీక్షకు అనుమతించమని చెప్పింది. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా కరెక్షన్ స్లిప్పుల చివర ఉండే మాటే అది. మొదటి రోజే ఆ ప్రకటనలో ఒక వాక్యంగా ఉండి ఉంటే పిల్లలు దేశంలోని పెద్ద కోర్టు మెట్లెక్కాల్సిన పని ఉండేది కాదు. ఈలోగా రెండు నెలల పాటు వాడు, రాయనిస్తారో లేదో తెలియని పరీక్షకు చదివాడు. ఆ రెండు నెలల్లో రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదని మా మేనకోడలు తర్వాత చెప్పింది.

వాడు మే 18న అడ్వాన్స్‌డ్ రాశాడు, మూడోసారీ ర్యాంకు రాలేదు. అయితే మెయిన్‌లో పర్సెంటైల్ పెరిగి వేరే రాష్ట్రంలో ఎన్.ఐ.టి.లో సీటు వచ్చింది. ఇప్పుడు అక్కడ చదువుతున్నాడు. అక్కయ్య మొక్కు తీర్చుకుంది. అల్లుడు నాతో, "మీరు చెప్పినట్టు మానేయడమే మంచిదైంది మావయ్యా" అన్నాడు. మంచివాడు, నా బాధ తగ్గించడానికే అన్నాడు. కానీ ఆ జమ నా ఖాతాలో వేసుకోను. మెయిన్ ఎలాగూ మూడేళ్ళు రాయొచ్చు, దానికి ఆ 13 రోజుల నియమంతో సంబంధం లేదు. నేనిచ్చిన కారణం వేరు, వాడికి దక్కిన ఫలితం వేరు. పౌర్ణమి కలిసొచ్చిందని సిద్ధాంతి గారికి మార్కు ఇవ్వనివాణ్ణి, సీటు కలిసొచ్చిందని నాకు నేను మార్కు ఇచ్చుకుంటే న్యాయం కాదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏ పరీక్ష అయినా సరే, పద్ధతి మారిస్తే ఆ ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరేవాళ్ళ నుంచి అమలు చేయండి. ఎందుకు మార్చారో ఒక పేజీలో చెప్పండి. ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో మీకు తెలిసినంత వరకు చూపండి. పాత మాట నమ్మినవాళ్ళను మధ్యలో వదిలేయకండి. జాతకాలు తప్పని మనం నోరు నొప్పి పుట్టేలా చెబుతాం, చెప్పాలి కూడా. దాంతోపాటు, జాతకం అవసరం లేకుండా పిల్లవాడు రెండేళ్ళ ముందుకు చూడగలిగేలా ఉండాలని ఆఫీసులను కూడా అడగాలి. మొదటిది చేసినంత ఉత్సాహంగా రెండోది చేయడం లేదేమోనని నా అనుమానం.

చంటి చెల్లెలు 2025 జూన్‌లో ఇంటర్‌లో చేరింది. 2027లో రాస్తుంది. మొన్న ఫోనులో, "తాతయ్యా, మా ఏడాదికి రూలు ఏమిటి? గోడ మీద అంటించుకుంటాను" అంది.

"ఈరోజుకు ఉన్న రూలు చెప్తాను, పక్కన ఈరోజు తేదీ వెయ్యి" అన్నాను.

"పెన్నుతో రాయనా, పెన్సిలుతోనా?" అంది నవ్వుతూ.

అన్నయ్య అనుభవం చూసిన పిల్ల. పెన్సిలుతోనే రాయమన్నాను.